ధ్వనిలేఖనము – శ్రవణపరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మనగా పుస్తకములు దాచు చోటని యందఱు నెఱిగినదే. ఈ యిరువదియైదేండ్లలో ఇచటి బీరువాలలో చేరిన పుస్తకముల లెక్క కార్యదర్శిగారి నివేదికలో వచ్చియున్నది. దాని నిచట మరల చెప్పుట పునరుక్తి. అయితే ఏ జాతికైనను వ్రాతకెక్కిన విద్య కొంత, నోటనే నిలిచిన విద్య కొంత. ఈ కఱవుసీమలో రెండవదియే హెచ్చు. కదిరి సమీపమున కటారుపల్లెలో వేమన సమాధి కలదు. బ్రౌను దొర వ్రాతప్రతులు సేకరించి, ఆ పద్యములను 1829లో అచ్చువేయించెను. ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి పాఠమును నిర్ణయింప వీలుండెను గనుక పద్యము దక్కినది. నాటి జనులు దానిని ఏ స్వరమున, ఏ నడకతో చెప్పుకొనిరో ఆ సంగతి దక్కలేదు. కంఠమును దాచు సాధనము నాడు లేదు. ఎడిసను ఫోనోగ్రాఫును కనుగొన్నది 1877లో.

నేడు ఆ సాధనము ఇంటింటను గల కంప్యూటరులో నున్నది. కావున గ్రంథములతోపాటు ఈ సీమ పాటను, వాద్యమును గూడ ఈ గ్రంథాలయము దాచవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. యంత్రమును కొనుట సులభము. దానిని సరిగా నమర్చుటయు, అది యేమి గ్రహించుచున్నదో చెవితో పరీక్షించుచుండుటయు కష్టము. ఈ ప్రసంగము ఆ రెండింటిని గూర్చినది.

ఇందులో తొందరయేమని యడుగువారు నిమ్మలకుంటను తలచుకొనవలెను. ఆ గ్రామపు తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించుట సీమకెల్ల గర్వకారణము. అచటి తోలుపని నేడు దీపపు తొడుగులుగా, గోడకు వ్రేలాడు చిత్రములుగా దూరదేశములకు పోవుచున్నది. తోలు నిలుచును. తెరవెనుక హార్మోనియము, మృదంగము, తాళములు, గజ్జెలు, కాలిక్రింద త్రొక్కు చెక్కలు, వీటినడుమ రాత్రియెల్ల సాగు రామాయణ భారత కథాగానము తోలువలె నిలుచునది కాదు. ఉరుముల నృత్యపు సంగతియు నింతియే. వాద్యము పేరే నృత్యమునకు పేరైన ఆ కళను తండ్రివద్ద నేర్చిన కొడుకులలో బెంగుళూరునకు కూలికి పోయినవా రెందఱో ఈ సభలో నున్నవారికి తెలియును. వృద్ధగాయకుడు నేడు పాడినది చెడిన, రేపు మరల పాడుమని యడుగవచ్చును. మఱుసటి యేడు అడుగుటకు అతడుండునా యనునది యెవరి చేతిలోను లేదు. పుస్తకము చినిగిన వేఱొక ప్రతి దొరకవచ్చును. ఈ ప్రతి యొక్కటియే.

పూర్వులు ఈ పని యెట్లు చేసిరో కొంచెము తెలిసికొనుట మేలు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గు అను నతడు కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ మొదలగువారి పాటలను మైనపు పలకలపై నెక్కించెను. గాయకులు పెద్ద కొమ్మునెదుట నిలిచి గట్టిగా పాడవలసియుండెను. ఆ మైనపు పలకను అప్పటికప్పుడు మ్రోగించిన చెడిపోవును. అది ఓడపై జర్మనీదేశములోని హనోవరునకు పోయి, రికార్డుగా అచ్చై, తిరిగి వచ్చువఱకు పాట యెట్లు పడినదో ఎవరికిని తెలియదు. 1925 ప్రాంతమున మైక్రోఫోనుతో రికార్డు చేయు విద్యుత్పద్ధతి వచ్చెను. పిదప ఫిల్ము, అటుపిమ్మట టేపు. తాడిపత్రి ప్రాంతమున 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారు, అనగా లోకమెఱిగిన కె.వి. రెడ్డిగారు, తీసిన మాయాబజారు 1957లో విడుదలయ్యెను. ఆ వాహినీ స్టూడియోకు అండగా నిలిచిన మూలా నారాయణస్వామిగారిదియు తాడిపత్రియే. 2010లో ఆ చిత్రమునకు రంగులద్దినపుడు దాని శబ్దమును గూడ కంప్యూటరు సహాయమున శుభ్రపఱచిరి. ధూళిని తుడిచినంత మాత్రమున లోపలి మాట స్పష్టముగా వినబడినదనగా, ఆ మాటను మొదట గ్రహించినవారు ఎంత జాగ్రత్తగా గ్రహించిరో ఊహింపవచ్చును. కంప్యూటరు ధూళిని తీయగలదు. మొదట పడని మాటను పుట్టింపలేదు.

ఇక విషయమునకు వత్తము. గాయకుని నోట వెడలిన ధ్వని గాలిలో అలగా సాగి మైక్రోఫోనును చేరును. మైక్రోఫోను దానిని అత్యల్పమైన విద్యుత్తుగా మార్చును. ఆ యల్పవిద్యుత్తును హెచ్చించి, సెకండునకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా కంప్యూటరున కందించు చిన్న పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేసు అందురు. కంప్యూటరు ఆ అంకెలను దాచి, తిరిగి ఆ పెట్టెద్వారానే స్పీకరునకో హెడ్‌ఫోనునకో పంపును. దారి యింతే. అయితే దారిలో ముందుచోట జరిగిన తప్పును వెనుకచోట దిద్దుట యరుదు. అందుచే గదినుండియే ఆరంభింపవలెను.

నాట్యశాస్త్రమున భరతముని ప్రేక్షాగృహము మితిమీరి పెద్దదైన అక్షరములు స్పష్టతను గోల్పోవునని చెప్పియున్నాడు. నాట్యమండపము కొండగుహవలె నుండవలెననియు, కిటికీలు చిన్నవిగా, గాలితాకిడి లేక, ధ్వని గంభీరముగా నుండవలెననియు విధించినాడు. నేటి స్టూడియోవారు లక్షలు వెచ్చించి చేయునది యిదియే. ఈ ప్రాంతపు ఇండ్లలో నేల నాపరాయి, మిద్దెపైన నాపరాయి, గోడలు రాతివి. అట్టి గదిలో చేతులు తట్టి చూచిన గణగణమని బదులు వచ్చును. మైక్రోఫోను ఆ బదులునుగూడ పాటతో కలిపి గ్రహించును, తరువాత విడదీయుట కాదు. కురుబవారు నేసిన ఉన్ని కంబళ్లు నాలుగింటిని గోడలకు జానెడు దూరమున వ్రేలాడగట్టి, నేలపై బొంతలు పఱచిన ఈ దోషము చాలవఱకు పోవును. గోడకు అంటించి కట్టిన అంత ఫలముండదు. అయినను కంబళి సన్నని ధ్వనులనే మ్రింగగలదు. సెకండునకు 100 కంపనములుగల మంద్రధ్వని యల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. దానికి కంబళి యడ్డమే కాదు. ఉరుము వాద్యమును చిన్నగదిలో గ్రహింపబోయిన గదియే మ్రోగును. దానిని ఆరుబయట, గాలిలేని వేళ గ్రహించుటయే మేలు. గాత్రమునకైతే ఈ గ్రంథాలయపు లోపలిగదియే తగినది. ఎగుడుదిగుడుగా పుస్తకములు నిండిన బీరువాలు, తలుపులు తీసియుంచినచో, ధ్వనిని చెదరగొట్టి ప్రతిధ్వనిని విఱుచును. చదువనివారికిని పుస్తకములవలన ఈ యొక్క ప్రయోజనము కలదు.

పంకా ఆపక తప్పదు. ఎండకాలమున తలుపులు మూసి, పంకా ఆపి వృద్ధుని రెండుగంటలు కూర్చుండబెట్టుట పాపము గనుక తెల్లవారుజామున, కోళ్లు లేవకముందు, పని జరుపుట మంచిది.

విద్యుత్తు విషయమున ఈ పీఠభూమికి ఒక ప్రత్యేక కష్టము కలదు. పట్టణములలో కూర్చుండి వ్రాసిన యంత్రపుస్తకములలో అది కానరాదు. పడమటి కనుమల వానచాటున నుండుటచే ఈ ప్రాంతమున సాలునకు సగటున 550 మిల్లీమీటర్లకు కొంచె మటునిటుగా వాన పడును. నేల యెండినకొలది విద్యుత్తును భూమిలోనికి పోనిచ్చు గుణము తగ్గును. ఎర్తింగు కొఱకు పాతిన గొట్టముచుట్టు బొగ్గును, ఉప్పును పొరలుగా వేసి నీరు పోయుట యిందులకే. ఏండ్లతరబడి నీరు పోయని ఎర్తింగు గుంట పేరునకు గుంటయే గాని పనికి గాదు. అట్టి యింట కంప్యూటరు లోహపుతొడుగును తాకిన సన్నని చిమచిమ యుండును. పాటవెనుక బూయని ఎడతెగని మ్రోత యుండును. ఇది సెకండునకు 50 కంపనములుగల ఇంటివిద్యుత్తు మైక్రోఫోను తీగలోనికి దొంగతనముగా చొరబడుట. కావున ముందు ఎర్తింగు గుంటకు నాలుగు కడవల నీరు పోయింపవలెను. పరికరములన్నింటికి ఒకే పలకనుండి విద్యుత్తు ఇయ్యవలెను. వేఱువేఱు గోడలనుండి ఇచ్చిన, వాటి ఎర్తు తీగలు వలయముగా కలిసి మ్రోతను బెంచును. మైక్రోఫోనునకు మూడుతీగల సమతుల్య కేబులును వాడవలెను. కరెంటుతీగకు ప్రక్కప్రక్కన దానిని పఱవరాదు. దాటవలసివచ్చినచోట అడ్డముగా దాటింపవలెను. లాప్‌టాపును పాట జరుగునంతసేపు బ్యాటరీపై నడిపిన సగము చిక్కు తీఱును. చౌక ఇన్వర్టరు ఇచ్చు విద్యుత్తు నునుపైన యల గాదు, మెట్లుమెట్లుగా నుండును. దానివలన గరగర పుట్టును. కొందఱు మ్రోత పోవునని ప్లగ్గు మూడవపిన్నును విఱుచుదురు. అది ప్రాణాపాయము. పాట చెడినను చెడుగాక, ఆ పని ఎన్నడును చేయరాదు.

బోరుమోటార్ల కొఱకు త్రీఫేసు కరెంటు వచ్చు వేళ లైన్‌మను నడిగి తెలిసికొనవలెను. మోటారు పట్టుకొన్న ప్రతిసారి టప్పుమను శబ్దము పడును. రామరావణ యుద్ధమున అది బాణముగా చెల్లవచ్చును గాని అశోకవనమున చెల్లదు.

మైక్రోఫోనులు ముఖ్యముగా రెండు తెఱగులు. తీగచుట్ట గల డైనమిక్కు మొరటుది, గట్టిది. ఉరుము, డప్పు మొదలగువాటి తాకిడికి నిలుచును. కండెన్సరు సున్నితము; గాత్రమున ఊపిరిని, అక్షరాంతమును గూడ పట్టును. దీనికి ఇంటర్‌ఫేసునుండి 48 వోల్టుల విద్యుత్తు పోవలెను. దానిని ఫాంటమ్ పవర్ అందురు, పెట్టెపై మీట యుండును. మీట వేయునపుడును, తీయునపుడును స్పీకరును తగ్గించియుంచవలెను. గాయకునకు జానెడున్నర దూరమున, నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కగా మైకు నిలిపిన ప, బ మొదలగు అక్షరముల గాలితాకిడి తగ్గును. మిక్కిలి దగ్గఱగా పెట్టిన ఒకదిక్కునుండియే వినునట్టి మైకులో మంద్రధ్వని సహజమునకు మించి ఉబ్బును. రెండు మైకులు పెట్టునపుడు వాటి నడిమి దూరము, గాయకునకు మైకునకు గల దూరమునకు మూడింతలకు తక్కువ గాకుండ చూడవలెను. లేనిచో ఒకే ధ్వని రెండింటను కొంచెము ముందువెనుకలుగా పడి, కలిపినపుడు కొంత కొంత రద్దగును. పాట డొల్లగా వినబడును.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైనది, మట్టము. మైకునుండి వచ్చు విద్యుత్తును ఎంత హెచ్చింపవలెనో నిర్ణయించు మీటను గెయిను అందురు. ఈ సీమవారికి చెఱువు తెలియును గనుక చెఱువుతో చెప్పిన సులభముగా తెలియును. చెఱువు నిండిన కట్ట తెగకుండ హెచ్చునీరు పోవుటకు మరువ యుండును. పాతకాలపు టేపునకు గూడ అట్టి మరువ యుండెను. ధ్వని కొంత మితిమీరినను టేపు దానిని మెల్లగా అణచుకొని మ్రోగెడిది, కొన్నిచోట్ల అది చెవికింపుగా నుండెడిది. అంకెలతో లెక్కించు కంప్యూటరునకు మరువ లేదు. దాని కొలమానమున మీది హద్దు సున్న డెసిబెలు. అంతకు మించి వచ్చిన దానిని అది మొదలుగోసిన చెట్టువలె నఱుకును. నఱికినచోట పటపటమని చెవిని గీఱును. పోయిన అలశిఖరములను తరువాత ఏ విద్యచేతను ఉన్నదున్నట్లు తెచ్చుట సాధ్యము గాదు.

పరీక్షకు పాడుమన్న గాయకుడు సిగ్గుతో మెల్లగా పాడును. కథలో మునిగి, ఎదుట జనము చేరినపుడు అతని కంఠము తొమ్మిది పది డెసిబెల్లు హెచ్చుట సామాన్యము. డెసిబె లనునది తారతమ్యమును చెప్పు మానము. ఆఱు హెచ్చిన విద్యుత్పీడనము రెట్టింపగును. తోలుబొమ్మలాటలో వినాయకస్తుతినిబట్టి మట్టము నిర్ణయించినవారు కుంభకర్ణుడు లేచి, చెక్కలు త్రొక్కుట మొదలైనపుడు చిక్కుకొందురు. కావున ముందు యుద్ధఘట్టమునే పాడింపవలెను. ఆ ఘట్టపు శిఖరములు సున్నకు క్రింద 12 డెసిబెల్లకడ ఆగునట్లు గెయినును దించిన, నిజమైన ఆటలో 6 దాటకుండ నుండును. సామాన్య గాత్రము 18 ప్రాంతమున నడచును. ఇది తక్కువయని భయపడనక్కఱలేదు. మీటరు ఎఱ్ఱగీత దగ్గఱకు పోవువఱకు హెచ్చింపవలెనను మాట టేపుకాలపు ఆచారము. టేపున సుయ్యను శబ్దము పాటను మ్రింగకుండుటకై అట్లు చేసెడివారు. 24 బిట్ల కొలతలో ఒక్కొక్క కొలతకు 1,67,77,216 మెట్లు కలవు. అడుగున కొంత స్థలము విడిచినను సన్నని గమకము చెక్కుచెదరదు.

చేతిఫోనుతో పట్టిన చాలదా యని యడుగువా రుందురు. ఫోను మాటల కొఱకు చేసిన యంత్రము. దానిలోని పనికట్టు మెల్లని ధ్వనిని తానే హెచ్చించును, గట్టి ధ్వనిని తానే అణచును. గుసగుసయు, గర్జనయు సమానమగును. ఎడతెగక మ్రోగు శ్రుతిని అది పంకాచప్పుడని భ్రమించి తుడిచివేయ యత్నించును. ఏమియు లేనిచోట ఫోనైనను మేలే. అయితే దానిని ఈ గ్రంథాలయపు భద్రప్రతి యనుకొనరాదు. కంప్యూటరులో గూడ ఇట్టి స్వయంచాలక సవరింపులు కొన్నియుండును. వాటినన్నింటిని ముందే వెదకి ఆపివేయవలెను.

లెక్కలయందు శ్రద్ధగలవారి కొఱకు నాలుగు లెక్కలు. సెకండునకు 48,000 కొలతలు, కొలతకు 24 బిట్లు, అనగా మూడు బైట్లు. ఒక మైకునకు సెకండునకు 1,44,000 బైట్లు. గంటకు 51 కోట్ల 84 లక్షలు. నాలుగు మైకులతో ఆఱుగంటల ఆటకు 1,244 కోట్ల 16 లక్షల బైట్లు. నేటి డిస్కులకు ఇది పెద్దబరువు కాదు. అయితే ఇందులో ఒక గుంట కలదు. వేవ్ అను దస్త్రరూపమున ఒక దస్త్రపు పరిమాణమును వ్రాయుటకు కేటాయించిన గడి 32 బిట్లది. అది 429 కోట్ల బైట్లతో నిండును. రెండు మైకుల పాటను ఒకే దస్త్రముగా పట్టిన, సుమారు 4 గంటల 8 నిమిషములకు ఆ గడి నిండును. తెల్లవార్లు సాగు ఆట సరిగా ఉత్తరభాగమున తెగిపోవుట కిది చాలును. ఘట్టము ముగిసినపుడెల్ల ఆపి క్రొత్తదస్త్రము మొదలిడుట సులభోపాయము. ఆటగాండ్రకు టీ త్రాగు వేళయు నదియే.

రెండవ లెక్క. సీడీ పలక 1982లో వచ్చినది మొదలు దానికి సెకండునకు 44,100 కొలతల పద్ధతి. ఇంటర్‌ఫేసు ఒక లెక్కలోను, కంప్యూటరు వేఱొక లెక్కలోను ఉండుట తఱచు జరుగు పొరపాటు. 48,000 చొప్పున పట్టిన పాటను 44,100 చొప్పున మ్రోగించిన 60 నిమిషములది 65 నిమిషముల 18 సెకండ్లగును. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానము దిగును. విన్నవారు గాయకునకు వార్ధక్యము వచ్చినదనుకొందురు. పాటకు ముందు శ్రుతిపెట్టెను అరనిమిషము మ్రోగించి పట్టియుంచిన, ఎన్నియేండ్ల తరువాతనైనను ఈ తప్పును పట్టుకొనవచ్చును.

మూడవది ఆలస్యపు లెక్క. కంప్యూటరు కొలతలను ఒక్కొక్కటిగా గాక గంపలుగా తీసికొనును. ఆ గంపను బఫరు అందురు. 256 కొలతల గంప నిండుటకు సెకండులో వేయింట ఐదుపాళ్లకు పైగా పట్టును; 1,024 కొలతలదైన 21 పాళ్లు. రాకకు ఒకసారి, పోకకు ఒకసారి. తన కంఠము తనకే వెనుకబడి హెడ్‌ఫోనులో వినబడిన గాయకుని తాళము తప్పును. పది పండ్రెండు పాళ్లకు మించిన ఆలస్యమును పాడువారు ఓర్వలేరు. గంపను మఱీ చిన్నది చేసిన పాతకంప్యూటరు అందుకొనలేక చిటపటలాడును. దీనికి మంచి మార్గమొకటి కలదు: మైకు ధ్వనిని కంప్యూటరు చుట్టు త్రిప్పక, ఇంటర్‌ఫేసునుండియే నేరుగా హెడ్‌ఫోనునకు పంపు మీట అనేక పెట్టెలపై నుండును. దానిని వేసి, కంప్యూటరు ద్వారా వచ్చు ప్రతిని మూసివేయవలెను. రెండును తెఱచియుంచిన ఒకే మాట రెండుసార్లు వినబడును. అటుపై గంప ఎంత పెద్దదైనను పాడువానికి బాధలేదు.

ఇంతవఱకు అమరిక. ఇక శ్రవణపరీక్ష. నాట్యశాస్త్రమున శ్రుతులను నిరూపించుటకు భరతుడు రెండు వీణలను తీసికొన్నాడు. రెండింటిని సమముగా శ్రుతిచేసి, ఒకదానిని కదలింపకుండ నుంచినాడు. రెండవదానిని కొంచెము కొంచెము దించుచు మొదటిదానితో పోల్చినాడు. కదలనిది ధ్రువవీణ, కదలునది చలవీణ. శార్‌ఙ్గదేవుడు గూడ పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరమున ఈ విధానమునే విస్తరించినాడు. కదలనిది ఒకటి లేనిదే కదలినదాని మార్పు తెలియదు. ధ్వనిలేఖనమున ధ్రువవీణ గదిలో మ్రోగుచున్న వాద్యమే. మైకును పెట్టువాడు ముందు మైకును మఱచి, వాద్యమునెదుట నిలిచి ఉత్తచెవితో వినవలెను. తరువాత వచ్చి యంత్రము పట్టినదానిని వినవలెను. భేదమున్న మైకును జరుపవలెను, దించవలెను, త్రిప్పవలెను, మరల పోయి వినవలెను. కంప్యూటరులో మంద్రము పెంచు, తారము తగ్గించు మీటలజోలికి పోవుటకు ముందు కాళ్లకు పనిచెప్పుట ఉత్తమము.

అయితే వినిపించు స్పీకరు నమ్మదగినదై యుండవలెను. అంగడిలో అమ్ము స్పీకర్లు కొనువాని మెప్పించుటకై మంద్రమును ఉబ్బించి మ్రోగును. దానిని నమ్మి మంద్రమును తగ్గించిన పాట, మఱొకయింట పీలగా వినబడును. స్టూడియో మానిటరు అనునది ముఖస్తుతి చేయని స్పీకరు. ఉన్నది ఉన్నట్లు చెప్పును, అందుచే మొదట చాలమందికి నచ్చదు. రెండింటిని, వినువాని తలయు కలిపి మూడుభుజములు సమమైన త్రికోణముగా, చెవియెత్తున, గోడమూలలకు దూరముగా నిలుపవలెను. మూలకు నెట్టిన స్పీకరు తన సహజమునకు మించి గుడగుడలాడును. ధ్వనిని ఒకే మట్టమున వినుట అలవాటు చేసికొనవలెను. మెల్లగా మ్రోగినపుడు మనుష్యుని చెవికి మంద్రధ్వనులు తగ్గి వినబడునని ఫ్లెచరు, మన్‌సను అను శాస్త్రజ్ఞులు 1933లో కొలిచి చూపిరి. కావున గట్టిగా వినిన ప్రతిపాటయు బాగున్నట్లే తోచును. రెండు ప్రతులను పోల్చునపుడు రెండింటిని సమానమైన బిగ్గఱలో వినకున్న ఆ తీర్పు చెల్లదు.

ఈ గ్రంథాలయమున పాడుగదియు, వినుగదియు వేఱుగా లేవు. మైకున్న గదిలో స్పీకరు మ్రోగింపరాదు. మ్రోగించిన ఒకదాని నొకటి అందుకొని కీచుమని అఱచును. పట్టునపుడు చెవులను పూర్తిగా కప్పు హెడ్‌ఫోనులే గతి. పాడువాని హెడ్‌ఫోనునుండి ధ్వని బయటికి పొక్కి మైకులో పడకుండుటకును అట్టివే కావలెను. కొందఱు పాతగాయకులకు చెవులు మూసిన శ్రుతి నిలువదు. వారికి ఒక చెవి విడిచిపెట్టవలెను, లేదా హెడ్‌ఫోను లేకయే పాడనీయవలెను. పాటకంటె యంత్రము పెద్దది కాదు.

ఒక సందేహము ఈ పనికి క్రొత్తవారినందఱిని బాధించును. హెడ్‌ఫోను బిగ్గఱ మీటను త్రిప్పిన, పట్టుచున్న ధ్వని హెచ్చునని వారనుకొందురు. హెచ్చదు. గెయిను మీట ఖాతాపుస్తకమునకు సంబంధించినది. హెడ్‌ఫోను మీట ఆ ఖాతాను చదువు కండ్లజోడు. జోడు మార్చిన అక్షరము పెద్దదిగా కనబడును గాని పద్దులో అణాయైనను మారదు. చెవికి చాలలేదని గెయినును పెంచినవారు ఖాతానే చెఱుపుకొందురు.

పాటంతయు అయినపిదప విందమనుట యోగ్యము గాదు. మొదటి రెండు నిమిషములు పట్టి, ఆపి, ఆసాంతము వినవలెను: మ్రోత కలదా, నఱకు కలదా, రెండవ మైకు తెఱచియున్నదా, శ్రుతి సరియేనా. అటుపై పాట సాగునంతసేపు ఒకరు హెడ్‌ఫోను తీయక కూర్చుండవలెను. అతడు పాటలో లీనమగుటకు వీలులేదు. ఆ భాగ్యము మిగిలినవారిది. గంటకొకసారి మనుష్యుని మార్చవలెను, ఏలయన అలసిన చెవి గరగరను పసికట్టలేదు. ముగిసిన పిదప స్పీకర్లపై ఒకసారి, చిన్న చేతిఫోనుపై ఒకసారి విని చూడవలెను. వినబోవు పల్లెజనము చేతిలో నుండునది ఆ ఫోనే.

వాడవలసిన ప్రోగ్రాముల విషయము పెద్దది కాదు. ఆడాసిటీ అనునది 2000వ సంవత్సరమునుండి ఉచితముగా దొరకుచున్నది. ఈ పనికి చాలును. పట్టిన మూలప్రతిని దిద్దక అట్లే యుంచి, దాని నకలుపైననే దిద్దుబాట్లు చేయవలెను. మూలప్రతులు రెండు డిస్కులలో, రెండిండ్ల నుండవలెను. పద్దుపుస్తకమున తేది, స్థలము, పాడినవారి పేరు, కథ పేరు, మైకు రకము, గెయిను మట్టము, కొలతల సంఖ్య వ్రాయవలెను. పాడినవారి సమ్మతియు వ్రాతమూలకముగా నుండవలెను. 1957 నాటి కాపీహక్కు చట్టమునకు 1994లో జరిగిన సవరణచే ప్రదర్శకునకు తన ప్రదర్శనపై హక్కు ఏర్పడినది. 1999 సవరణచే దాని గడువు 50 సంవత్సరములైనది. ఉరుములవాని మ్రోతను అతని నడుగక ఏ సినిమాలోనో కలిపివేయుటకు గ్రంథాలయము త్రోవ చూపరాదు.

చివరి పరీక్ష పాడినవానిదే. యంత్రము కట్టకముందు, మైకులు విప్పకముందు, హెడ్‌ఫోను అతని చేతికిచ్చి ఒక ఘట్టమైనను వినిపింపవలెను. గైస్‌బర్గు కాలమున నెలలు పట్టిన పని నేడు నిమిషములలో నగుచున్నది. గమకము పడలేదనియో, ఉరుము గొంతు తనది కాదనియో అతడు చెప్పిన, మీటరు ఏమి చూపినను, కంబళ్లను విప్పక ఆ ఘట్టమును మరల పాడింపవలెను.